వెదురు పిడి గొడుగు

ఆ రోజు పొద్దున్న నవలా రచయిత్రి వేసుకున్న పథకం చిన్నదే. పది గంటల బస్సెక్కడం, ఎవరో ఒకరిని చూసి కథ పట్టుకోవడం, మర్నాడు తొమ్మిదింటికల్లా మొదటి అధ్యాయం ప్రచురణకర్త బల్లమీద పెట్టడం. పెట్టకపోతే ఈ ఏడాదికి ఆమె నవల లేనట్టేనని ఆయన తేల్చి చెప్పాడు. మూడు నెలలుగా ఆమె తెల్లకాగితాన్ని చూస్తూనే ఉంది.

బస్సులో ముందు సీటాయన ఒళ్లో పెద్ద పూలగుత్తి పెట్టుకుని బొటబొటా కన్నీళ్లు కారుస్తున్నాడు. రచయిత్రికి ప్రాణం లేచివచ్చింది. ఆయన దిగితే దిగింది, నడిస్తే నడిచింది, ఒక ఆఫీసు మూడో అంతస్తు ఎక్కితే ఎక్కింది. తలుపు తోస్తే హాలు నిండా జనం. వెనక్కి తిరిగేలోగా ఎవరో ఆప్యాయంగా లాక్కెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టారు.

అది హెడ్ క్లర్కు గారి పదవీ విరమణ సభ. పూలాయన మైకు పట్టుకుని వరసగా అందరి చేతా రెండు ముక్కలు చెప్పిస్తున్నాడు. "టైముకి వచ్చేవారు" అన్నారొకరు. "టైముకి వెళ్లేవారు" అన్నారు ఇంకొకరు. చివరికి మైకు రచయిత్రి దగ్గరికొచ్చింది.

"మీరు బస్సులో ఎందుకేడ్చారు?" అని గుసగుసగా అడిగింది.

"ఏడుపేంటి మేడమ్, నాకు పూలు పడవు," అని ఒక తుమ్ము తుమ్మి ఆయన మైకు చేతికిచ్చాడు.

నవల అక్కడే కుప్పకూలింది. ఇక దక్కించుకోవలసింది పరువొక్కటే.

"పదిహేనేళ్ల కిందట జోరువానలో, ముక్కూమొహం తెలియని నాకు ఈయన తన గొడుగిచ్చి, తడుస్తూ వెళ్లిపోయారు."

అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ రాసేవాళ్ల జబ్బు ఊరుకోనివ్వదు. గొడుగన్నాక పిడి కూడా చెప్పాలి. "నల్ల గొడుగు. వెదురు పిడి."

హెడ్ క్లర్కు మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆయన భార్య మెల్లగా లేచింది.

"పిడి చివర వెండి పొన్ను తొడిగి ఉందా?"

ఉందంటే ఏమవుతుందో, లేదంటే ఏమవుతుందో. "ఉన్నట్టే గుర్తండీ."

ఆవిడ రచయిత్రిని చూసింది, భర్తని చూసింది. "అది మా నాన్న గొడుగు. బస్సులో పోగొట్టానన్నారు ఈయన."

ఒక కాపురం తన నోటిమూలంగా కూలిపోతుందేమోనని రచయిత్రి గబగబా అందుకుంది. "నా కోసం కాదండీ, మా అమ్మ చలిజ్వరంతో ఉందని ఇచ్చారు. అమ్మ ఇప్పటికీ బీరువాలో దాచుకుంది."

"పదిహేనేళ్లుగా ఈ మనిషిని చేతకానివాడని తిట్టానమ్మా," అని ఆవిడ బావురుమంది. హాలు చప్పట్లతో మోగిపోయింది. కళ్లు తుడుచుకుంటూ ఆవిడే అంది, "సాయంత్రం మీ అమ్మగారిని చూడ్డానికొస్తాం."

రచయిత్రి తల్లి పోయి ఎనిమిదేళ్లయింది.

మెట్లమీద హెడ్ క్లర్కు పరుగున వచ్చి పట్టుకున్నాడు. "అమ్మా, ఆ గొడుగు నేను బస్సులోనే పోగొట్టాను."

"తప్పయిపోయిందండీ."

"తప్పేమిటి. ఎన్నేళ్లకో ఇవాళ మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు గొడుగెక్కడ దొరుకుతుంది?"

ఇద్దరూ కొట్లన్నీ గాలించారు. నాలుగో కొట్లో వెదురు పిడి గొడుగు దొరికింది. వెండి పనివాడి చేత అప్పటికప్పుడు పొన్ను వేయించారు. తల్లిగా ఉండమని రచయిత్రి పక్కింటి పిన్నిగారి గడ్డం పట్టుకుని బతిమాలింది. నాలుగింటికి దంపతులు వచ్చారు.

భార్య గొడుగు తిప్పితిప్పి చూసింది. భర్త పిన్నిగారి జ్వరం గురించి శ్రద్ధగా వింటున్నప్పుడు రచయిత్రి వైపు వంగింది.

"మా నాన్న గొడుగుకి పొన్నే లేదమ్మా. మీ మాట నిజమో కాదో చూద్దామని అడిగాను."

రచయిత్రి గొంతు తగ్గించింది. "మరి హాల్లో ఎందుకేడ్చారండీ?"

"ముప్ఫైయేళ్లు చేసిన చోట ఆయన గురించి మంచిమాట చెప్పింది మీరొక్కరే. దాన్ని నేను కూడా నిలబెట్టకపోతే ఎలా? ఆయనకి మాత్రం చెప్పకండి."

మర్నాడు తొమ్మిదింటికి రచయిత్రి జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చింది. ప్రచురణకర్త అంతా చదివి, నవల వేస్తాను గానీ గొడుగు సంగతి తీసెయ్యమన్నాడు, ఎవరూ నమ్మరట.