ఇరవై మూడో మేకు

ఆ గురువారం ఉదయం సంగీత వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా కళాశాలకు చేరాలి, గేటు పక్కనున్న పటాన్ని తడిగుడ్డతో తుడవాలి, పదకొండింటికి వచ్చే తనిఖీ కమిటీ ముందు నిలబడి రెండు ముక్కలు చెప్పాలి. అంతే. ఆ రెండు ముక్కలనూ జూలూరుపాడులో బస్సెక్కింది మొదలు కొత్తగూడెం పొలిమేరలో దిగేదాకా పెదవులు కదుపుతూ వల్లె వేసుకుంది. పక్కన మిరపకాయల మూటతో కూర్చున్న ముసలామె, ఈ పిల్ల ఏదో పెద్ద మొక్కు మీద పోతోందనుకుని కాస్త జరిగి చోటిచ్చింది.

మొక్కులాంటిదే, నిజానికి. సంగీత ఆ డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటు. వాళ్ల తండాలో నెలజీతం తెచ్చుకునే మొదటి ఆడపిల్ల. కాకపోతే ఉద్యోగం తాత్కాలికం, గడువు ఆ నెలాఖరు. "కమిటీ మెచ్చుకుంటే నీ పోస్టు ఉంటుందమ్మా, లేకపోతే నేను మాత్రం ఏం చేసేది" అని ప్రిన్సిపాల్ వెంకటనారాయణ ముందే చేతులు దులిపేసుకున్నాడు. పోస్టు పోతే తండ్రి బిచ్యా ఏమీ అనడు. పత్తి చేలో ఆమెకు ఒక సాలు వదిలిపెడతాడు, అంతే. ఆయన ఏమీ అనకపోవడమే ఆమెకు భయం.

ఇక పటం సంగతి. ఆ కళాశాలలో కంప్యూటర్లు నలభై ఉన్నాయి గానీ ఒకచోట లేవు. మేడమీద పద్దెనిమిది, పాత పత్తి గోడౌనులో పద్నాలుగు, గ్రంథాలయం వెనక గదిలో ఎనిమిది. ఏది ఖాళీగా ఉందో తెలియక పిల్లలు కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగేవాళ్లు. మేడెక్కి దిగి, గోడౌనులో తొంగిచూసి, గ్రంథాలయానికి చేరేసరికి అక్కడున్న ఒక్క ఖాళీలో ఇంకెవరో కూర్చుని ఉండేవారు. ఇది చూడలేక సంగీత ఒక పెద్ద ప్లైవుడ్ చెక్క సంపాదించి, దానిమీద మూడు భవనాల నక్షా గీసింది. కంప్యూటరు ఉన్న ప్రతిచోటా మేకు కొట్టి, నంబరు వేసి, సోడా మూత తగిలించింది. మూతకు ఒకవైపు పచ్చరంగు, ఇంకోవైపు ఎరుపు. లోపలికి పోయేవాళ్లు ఎరుపు తిప్పాలి, బయటికి వచ్చినవాళ్లు పచ్చ తిప్పాలి.

పోయేటప్పుడు అందరూ తిప్పారు. వచ్చేటప్పుడు ఒక్కరూ తిప్పలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి పటమంతా ఎర్రబడింది. మూడు గదులూ ఖాళీగా ఉండగా, యాభై మంది పిల్లలు పటం చూసి నిట్టూర్చి ఇళ్లకు పోయారు.

అప్పుడు దాన్ని తన చేతిలోకి తీసుకున్నవాడు వాచ్‌మన్ పగిడయ్య. అతను బొగ్గుబాయిలో ఇరవై ఎనిమిదేళ్లు దీపాలగదిలో పనిచేసి రిటైరైన మనిషి. బాయిలోకి దిగే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు, పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. బిళ్ల మేకుకు వేలాడుతోందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క.

"రంగులతోని కాదు బిడ్డా" అన్నాడు పగిడయ్య. "మనిషి తాన ఏదన్న వస్తువు పట్టుకోవాలె. అది తీసుకోంది ఇంటికి పోలేడు. గప్పుడు వాడే ఉరికొస్తడు."

"ఎవరు పోయిండ్రో మొఖం చూసి యాదికి పెట్టుకోరాదా తాతా?"

"మొఖం యాదికుంటే బిళ్ల ఎందుకు? నేను ఇరవై ఎనిమిదేండ్లు మొఖాలే చూడలే, మేకులే చూసిన. లెక్క ఎన్నడూ తప్పలే." అని ఒక మేకు మీద వేలు పెట్టి, "ఒక్క బిళ్ల మాత్రం రెండు దినాలు ఏలాడింది. లెక్క తప్పలే గని, మనిషి రాలే" అన్నాడు. సంగీత సోడా మూతలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి సోడా మూతలు పోయి పిల్లల ఐడీ కార్డులు మేకులకెక్కాయి. కార్డు ఉంటే మనిషి లోపల ఉన్నట్టు, బోసి మేకు ఖాళీ కంప్యూటరు. వారం తిరిగేసరికి పటం గడియారంలా నడిచింది. మిగిలింది ఒకటే పేచీ. ఏడు కంప్యూటర్లు దసరా నుంచి ఉలకడం లేదు, పలకడం లేదు. సంగీత ఆ ఏడు మేకులకూ నల్లరంగు వేసిన మూతలు తగిలించింది. బుధవారం సాయంత్రం ప్రిన్సిపాల్ అవి చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఏంటమ్మా ఈ నలుపు? కమిటీ వచ్చేరోజు అశుభంగా. తీసెయ్."

"అవి నడవయి సార్."

"నడవకపోతే మానె. నలభై కొన్నాం, నలభై ఉన్నాయి. అంతకంటే మనం చెప్పడమెందుకు?"

ఆయన ఆంధ్ర సరిహద్దున పెనుబల్లి వైపు మనిషి, మాట మెత్తగా ఉంటుంది గానీ వెనక్కి తీసుకోవడం మాత్రం ఉండదు. సంగీత ఏడు మూతలూ తీసి సంచిలో వేసుకుంది. గురువారం ఉదయం ఆమె గేటు దగ్గరికి నడిచి వస్తుంటే అవి లోపల గలగలమంటూనే ఉన్నాయి.

ఆమెను చూడగానే పగిడయ్య పటం వైపు గర్వంగా చెయ్యి చాపాడు. ఇరవై మూడో మేకుకు ఒక చిన్న తాళంచెవి, దానికో గుండ్రటి ఇత్తడి బిళ్ల. బిళ్లమీద 23 అని చెక్కి ఉంది.

"ఇయ్యాల అసలైన బిళ్ల వచ్చింది బిడ్డా. ఎవరో పెద్దమనిషి, కంప్యూటర్ చూస్తనన్నడు. కార్డు లేదన్నడు. జేబులకెల్లి గిది తీసిచ్చిండు. బిళ్ల మీద ఏ నంబరుంటే ఆ మేకే గద, గోడౌనుకు తోలిన."

సంగీత గోడౌను వైపు తిరిగింది. ఇరవై మూడు ఆ ఏడింటిలోదే. పరుగెత్తుకెళ్లి, అయ్యా అది నడవదు, పక్కదాని ముందు కూర్చోండి అని చెబుదామనుకుంది. ఈలోగా మేడమీది నుంచి ప్రిన్సిపాల్ పిలిచాడు. పూలదండ ఎక్కడుంది, బిస్కెట్లు ఎక్కడున్నాయి, కుర్చీల మీద తువ్వాళ్లు ఎవరు పరుస్తారు, ఇలా ఒకటి కాదు. ఆ హడావుడిలో పెద్దమనిషి సంగతి ఆమె మనసులోంచి పూర్తిగా జారిపోయింది.

పదకొండయింది. ప్రిన్సిపాల్ దండ పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. పన్నెండయింది. కమిటీ కారు జాడ లేదు. దండలో బంతిపూలు ఒక్కొక్కటే తల వాల్చేస్తున్నాయి.

ఒంటిగంటకు భోజనాల గంట కొట్టారు. పిల్లలంతా వచ్చి కార్డులు తీసుకుపోయారు. ముప్పై తొమ్మిది మేకులు బోసిగా ఉన్నాయి. ఇరవై మూడో మేకుకు ఇత్తడి బిళ్ల వేలాడుతూనే ఉంది.

పగిడయ్య గోడౌనుకు వెళ్లి చూశాడు. ఇరవై మూడు ముందు కుర్చీ ఖాళీ. గదిలో నరపురుగు లేదు. గోడౌను వెనక సగంలో పాత యజమాని పత్తి బేళ్లు ఇంకా పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆ దొంతర ఒకపక్కకు ఒరిగి, నాలుగు బేళ్లు కింద పడి ఉన్నాయి. నిజానికి అవి మంగళవారమే పడ్డాయి. ఆ సంగతి పగిడయ్యకు తెలియదు. బేళ్ల పక్క సందులోంచి పోతే వెనక ఒక షట్టరు ఉందనీ, పిల్లలు దాన్ని ఎత్తుకుని అవతలి చాయ్ బండికి పోతుంటారనీ అంతకంటే తెలియదు. అతనికి తెలిసిన లోకంలో దిగే దారే ఎక్కే దారి. దిగినవాడు పైకి రాలేదు, బిళ్ల ఇక్కడుంది, అక్కడ కూలింది.

అతను తిరిగొచ్చి కళాశాల గంట అందుకున్నాడు. మూడు దెబ్బలు, ఆపి, మళ్లీ మూడు. ప్రహరీ అవతలే బొగ్గుబాయి కార్మికుల పాత కాలనీ. బాయి కూలినప్పుడు కొట్టే ఆ మోత అక్కడ ఎవరికీ కొత్త కాదు. అన్నం ముందు కూర్చున్నవాళ్లు చెయ్యి కడగకుండా లేచారు. పది నిమిషాల్లో జంపయ్య అనే పెద్దాయన ముందు నడవగా ఇరవై మంది రిటైర్డు కార్మికులు పలుగులు, పారలతో గేటులోకి వచ్చారు. ఒకాయన ఇనుప టోపీ పెట్టుకుని వచ్చాడు. సీతయ్య అనే ఇంకొకాయన మనిషిని మోసుకుపోవడానికి ఏకంగా నులకమంచం తలమీద పెట్టుకుని వచ్చాడు.

వార్తకు కాళ్లు అక్కర్లేదు. గేటు దగ్గర బయల్దేరినప్పుడు అది, ఒక పెద్దమనిషి లోపల చిక్కుకుపోయాడని. చాయ్ బండి దగ్గరికి చేరేసరికి పెద్దమనిషి కాస్తా విద్యార్థి అయ్యాడు. బస్టాండులో నలుగురు విద్యార్థులయ్యారు. కాలనీ ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పట్టుకుని వచ్చారు. ఆ సమయానికి, ఏం జరిగిందో తెలియని ప్రిన్సిపాల్ రోడ్డు మీది నుంచి ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు. చేతిలో దండ అలాగే ఉంది. గోడౌను వైపు దండ పట్టుకుని పరుగెత్తే మనిషిని చూసి ఆడవాళ్లకు ఇంకో అర్థం తోచలేదు. బిందెలు దింపి ఏడుపు అందుకున్నారు.

"ఎవరు పోయారు? ఎవరు పోయారమ్మా?" అని ప్రిన్సిపాల్ వాళ్లనే అడిగాడు. దండ తెచ్చినవాడికే తెలియకపోవడం చూసి వాళ్లు ఇంకా గట్టిగా ఏడ్చారు.

గోడౌనులో జంపయ్య మనుషులు వరసగా నిలబడి బేళ్లు చేతులు మారుస్తున్నారు. చాయ్ బండి దగ్గరి నుంచి వచ్చిన నలుగురైదుగురు కూడా చెయ్యి వేశారు. వాళ్లలో ఒక యాభై ఏళ్లాయన చొక్కా చేతులు మడిచి అందరికంటే ఎక్కువ కష్టపడుతున్నాడు. తలా మీసమూ పత్తితో తెల్లబడిపోయాయి. "ఎవరి పిల్లవాడో పాపం, జల్దీ కానియ్యండి" అని మిగతావాళ్లను తొందరపెడుతున్నాడు.

"గిట్ల కాదు" అన్నాడు జంపయ్య చివరికి. "గీ పక్క గోడ పలగ్గొడితే ఒక్కపారే బేళ్లన్ని బయటికి వస్తయి. పలుగు తీయుండ్రి."

జనంలోంచి ముందుకొచ్చిన సంగీతకు పొద్దుటి పెద్దమనిషి అప్పుడే గుర్తొచ్చాడు. ఆ గోడ మీదే కరెంటు తీగలన్నీ ఉన్నాయి. గోడ పడితే తీగలు తెగి, ముందు చచ్చేది పలుగు పట్టుకున్న ముసలాయనే. తీగలున్నాయంటే ఇంకో గోడ మీద పడతారు; మొత్తానికే ఆపడానికి ఆమె దగ్గర ఒకే ఒక్క మాట ఉంది. ఆ మాట అంటే పటం అబద్ధం చెప్పిందని ఊరందరి ముందు ఒప్పుకోవాలి. పక్కనే వాడిన దండతో ప్రిన్సిపాల్ నిలబడి ఉన్నాడు. నెలాఖరుకు పది రోజులే ఉన్నాయి. పత్తి చేలో తన సాలు ఆమెకు కళ్లముందు కనబడింది. జంపయ్య పలుగు ఎత్తాడు.

"ఆగుండ్రి" అంది సంగీత. గొంతు అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది. "ఇరవై మూడు నంబరు నడవది. దసరా సంది నడుస్తలేదు. అదొక్కటే కాదు, ఏడు నడవయి. నడవని దాని ముంగట ఎవరు నాలుగు గంటలు కూసుంటరు? ఆ మనిషి ఎప్పుడో లేచి ఎటో పోయిండు. తప్పు నాది, పొద్దుగాలనే చెప్పాల్సింది." సంచిలోంచి ఏడు నల్లమూతలు తీసి అరచేతిలో పెట్టి చూపించింది.

ప్రిన్సిపాల్ కళ్లు మూసుకున్నాడు. పత్తిలో మునిగిన ఆయన మాత్రం చేతిలోని బేలు మెల్లగా కింద పెట్టాడు.

"ఇరవై మూడా?" అన్నాడు. "అట్లయితే పోయింది నేనే. రెండు నిమిషాలు కూర్చున్న. మీట నొక్కితే దీపం కూడ వెలగలే. వెనక షట్టరు తెరిచి ఉంటే చాయ్‌కి పోయిన. పిల్లలు కలిస్తే మాటల్ల పడ్డ. ఎవరో లోపల ఉన్నరంటే ఉరికొచ్చిన."

"ఇంతకీ మీరెవరు?" అన్నాడు ప్రిన్సిపాల్ నీరసంగా.

"హరిప్రసాద్. తనిఖీ కమిటీ ఛైర్మన్ను. నిన్న భద్రాచలంలో ఉన్న, మొదటి బస్సుకే వచ్చిన. మిగతా ఇద్దరు కారుల వస్తున్నరు, దారిల ఎక్కడనో టైరు పంక్చరయిందట. వాళ్లు వచ్చేదాక బయటనే ఉందామనుకున్న."

గంటన్నరగా తనను తానే వెతుక్కున్న ఛైర్మన్‌ను అందరూ నోరు తెరుచుకుని చూశారు. ముందుగా తేరుకున్నది ప్రిన్సిపాలే. గబగబా వెళ్లి ఆయన మెడలో దండ వేశాడు. పోయాడనుకున్న మనిషి దండతో సహా నిలబడి నవ్వడం చూసి గుమ్మంలో ఆడవాళ్లు ఏడుపు ఎక్కడ ఆపాలో తెలియక తడబడ్డారు.

పగిడయ్య గేటు దగ్గరి నుంచి తాళంచెవి పట్టుకొచ్చాడు. ఈసారి మాత్రం మేకు వైపు కాక మొఖం వైపు చూశాడు.

"గిది మీదే గద సారూ? ముందుగాల పట్టుకోండ్రి" అన్నాడు. ఆయన పట్టుకున్నాక గానీ చెయ్యి వదల్లేదు. తర్వాత అక్కడే ఒక బేలు మీద కూలబడి కండువాతో మొఖం కప్పుకున్నాడు. జంపయ్య వచ్చి పక్కన కూర్చుని, అతని వీపు మీద చెయ్యి వేశాడు. రెండు రోజులు వేలాడిన ఆ బిళ్ల ఎవరిదో కాలనీవాళ్లందరికీ తెలుసు.

హరిప్రసాద్ ఇదంతా చూశాడు. తిన్నగా గేటు దగ్గరికి నడిచి పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది ఎవరు చేసిండ్రు?"

"మా ల్యాబ్ అసిస్టెంటండి. తాత్కాలికం" అన్నాడు ప్రిన్సిపాల్, ఆ చివరి మాట మీద కాస్త బరువు పెట్టి.

"పన్నెండేండ్ల సంది కళాశాలల్లో కంప్యూటర్లు లెక్కపెడుతున్న. కిరాయికి తెచ్చినవి లెక్కపెట్టిన, ఉత్త డబ్బాలు కూడ లెక్కపెట్టిన. లోపలికి పోయిన మనిషి బయటికి వచ్చిండా లేదా అని లెక్కపెట్టిన కళాశాల ఇదొక్కటే." సంగీత వైపు తిరిగాడు. "ఆ నల్లమూతలు మళ్లీ తగిలియ్యమ్మా. నాకు పనికొచ్చిన ముక్క అదే."

ఆమె ఏడూ తగిలించింది. వల్లె వేసుకున్న మాటలు రెండూ అప్పటికే మరిచిపోయింది, ఎవరూ అడగనూ లేదు. చెట్టు నీడన కూర్చుని ఆయన నివేదిక అక్కడికక్కడే రాశాడు. పనిచేసేవి ముప్పై మూడు, మిగతా ఏడు రెండు నెలల్లో మార్చాలి. పటం ఉండాలి. పటం చూసుకునే మనిషిని పర్మనెంటు చెయ్యాలి, గుర్తింపుకు అది షరతు. ప్రిన్సిపాల్ అంతా చదివి, "నేను మొదటి నుంచీ అదే అంటున్నానండి" అన్నాడు.

సాయంత్రం బస్సులో సంగీత పెదవులు కదపలేదు. తండాకు వెళ్లాక తండ్రితో ఏం చెప్పాలో వల్లె వేసుకోవాల్సిన అవసరం కనబడలేదు. ఆమె సంచి ఖాళీగా, చప్పుడు చేయకుండా ఒళ్లో ఉంది.

అదే సమయానికి హరిప్రసాద్ ఆలస్యంగా వచ్చిన కమిటీ కారెక్కి వరంగల్ దారి పట్టాడు. జేబులో తాళంచెవి భద్రంగా ఉంది. భద్రాచలంలో ఒక లాడ్జి ముందు మాత్రం, ఇరవై మూడో గది దక్కిన కుటుంబం సామాన్ల మీద కూర్చుని ఇంకా ఎదురుచూస్తోంది.