శుక్లాలు వచ్చే భాగ్యం

కంట్లో శుక్లం రోగమని ఎవరన్నారండీ? అది వరం! నాకు రెండు కళ్ళకీ దక్కింది. అందుకే మా ఇంటికప్పు కారే చోటు నాకు కనిపించదు. మా ఆవిడ తెరెతియా మొహం పెళ్ళినాటిలాగే ఉంది. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది ఆవిడే. మొహం గురించిన ఆ వాక్యం మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది.

అయితే వరాలు ఊరికే వస్తాయా? తపస్సు చెయ్యాలి! పడుచుతనం నుంచీ టోపీ లేకుండా పడవలో కూర్చుని, నీళ్ళ మీద మండే ఎండనంతా కళ్ళకి పట్టించాను. మొగలాకులో పొగాకు చుట్టి పీల్చాను. టీలో గుప్పెడు పంచదార, అన్నం మీద కొబ్బరికల్లు పాకం! ఇక చక్కెర వ్యాధి దానంతటదే నడిచొచ్చింది.

పోయినేడు నర్సు కతరీనా వచ్చి, "ఎండ, పొగ, చక్కెర! ఈ మూడూ కలిసి నీ కళ్ళు తినేస్తున్నాయి తాతా!" అని కేకలేసింది. మూడూ మానేస్తే ఈ దీవిలో ఇంక చేసే పనేముంది? వయసు కూడా ఒక కారణమేనట. అదొక్కటీ మానెయ్యడానికి నేను సిద్ధమే!

పాపం, నల్లకళ్ళజోడు ఒకటి ఇచ్చి వెళ్ళింది. మర్నాడే మా బావమరిది బరానికో దిగాడు.

"బావా, బుబుస్! ఆ జోడు నాకియ్యి."

మా కిరిబాస్ దీవుల్లో బుబుస్ అని అడిగాక కాదన్నవాడు మళ్ళీ ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. ఇచ్చేశాను. వాణ్ణి ఇంకొకడు అడిగాడు, వాణ్ణి మరొకడు. ఇప్పుడది ఉత్తరపు కొసన పాస్టరుగారి కోడలి నెత్తి మీద ఉందట. ఆవిడ జుట్టుకి మాత్రం శుక్లాలు రావు!

ఇంతలో కంటి డాక్టర్ల ఓడ వస్తోందన్నారు. రాకరాక వచ్చే ఓడ. మా ఊరికి ఒక్క ఆపరేషనే దక్కింది, అదీ నా పేరు మీద. "వరం పోగొట్టుకుంటానా?" అని పైకి బింకాలు పోయాను గానీ, నిజం చెప్పొద్దూ, ఆ రోజు నా కాళ్ళు నేల మీద నిలవలేదు. అప్పటికే మా ఇంట్లో మనవరాలు పుట్టింది. ఎత్తుకున్నాను, ముద్దాడాను. మొహం మాత్రం ఇంకా చూడలేదు.

ఓడ వచ్చిన పొద్దున బరానికో మళ్ళీ దిగాడు.

"నాకూ అంతా మసకే బావా. బుబుస్! నీ వంతు నాకియ్యి."

లోపల గిన్నె ఎగిరిపడింది. "కాదనవయ్యా! నా తమ్ముడైతే ఏంటి, కాదను!" అని అరిచింది తెరెతియా.

నోరు తెరిచాను. "తీసుకో" అన్న మాటే వచ్చింది. మొహమాటానికి పోతే కడుపయిందని ఊరికే అన్నారా? వాడికీ శుక్లాలు ముదిరాయని చూసి, డాక్టరు ఒప్పుకున్నాడు.

ఇప్పుడు బరానికో చూపు భేషుగ్గా ఉంది. రోజూ వచ్చి పాపనెత్తుకుంటాడు. "ముక్కు అచ్చం నీదే బావా! నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతోంది" అంటాడు. ఏ బుగ్గ మీదో నేను వేలితో వెతుక్కుంటాను. కోపం తన్నుకొస్తుంది. వాడి మీద కాదు, వాడు మాత్రం ఎన్నాళ్ళని చీకట్లో తడుముకుంటాడు?

ఇంత గొప్ప వరం కాబట్టే, రాజధానిలో కూర్చున్న మన పెద్దలు దీన్ని మాకు ఇంత భద్రంగా కాపాడుతున్నారు! ఓడ వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో దానికే తెలీదు.

అయ్యా పెద్దలూ, మీరూ ఈ దీవుల బిడ్డలే కదా? నలుగురూ చదివే పేపర్లో, నలుగురి ఎదుటా అడుగుతున్నాను. మా దీవిలోనే కాపురముండే కంటి డాక్టరు ఒకరు కావాలి.

బుబుస్!

ఇప్పుడు కాదనండి, చూద్దాం.