డోరిస్‌ని పలకరించడానికి వచ్చినవాళ్లు

మొగుడి మీద మంగళకున్న ఫిర్యాదు ఒక్కటే: ఆయన దేన్నీ దాని మానాన వదిలిపెట్టడు. చక్కగా నడుస్తున్న కంప్యూటర్లను, రెండువేల సంవత్సరం రాగానే ఆగిపోతాయేమోనని విప్పిచూడటమే రామానుజం ఉద్యోగం. అలాంటివాడు ఇంట్లో మిక్సీని మాత్రం ఎందుకు వదులుతాడు?

ఆ శనివారం మంగళ పెట్టుకున్న కార్యక్రమం చిన్నదే. పెసరట్లు పోయడం, బట్టలారేయడం, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం. పెసలు రుబ్బుతుండగా హాల్లోంచి కేక వినబడింది.

"మంగళా! డోరిస్ ఇవాళ కూడా తినలేదే!"

డోరిస్ రామానుజం బాసు గ్రెగ్ పెంచుకుంటున్న కొండచిలువ. డిసెంబరులో ఎవరికీ సెలవులుండవని గ్రెగ్ ముందుగానే టాస్మానియా వెళుతూ, గాజుపెట్టెతో సహా దాన్ని సన్నీబ్యాంక్ పేటలో వీళ్లింట్లో దించిపోయాడు. విషం లేదు, అప్పుడప్పుడూ ఓ ఎలుక చాలన్నాడు. పర్మనెంట్ వీసా కాగితాల మీద సంతకం పెట్టాల్సినవాడు గ్రెగ్గే కనక రామానుజం కాదనలేదు.

ఇప్పుడు డోరిస్ ఒళ్లు మసకబారింది. కళ్లకు నీలంగా పొర కమ్మింది. చెట్టుబెరడు కింద దూరి బయటికి రావడం లేదు. ఫ్రీజర్లోంచి తీసి, వేడినీళ్లలో ఉంచి ఇచ్చిన ఎలుక ఇచ్చినట్టే ఉంది.

"వదిలెయ్యండి. ఆకలేస్తే అదే తింటుంది," అంది మంగళ.

"బాస్ పాము పస్తుంటే వదిలెయ్యమంటావేంటి? దానికేమన్నా అయితే మన వీసా గోవిందా!"

వెంటనే పక్కవీధి కోటేశ్వరరావుకి ఫోన్ చేశాడు. ఎవరికి ఒంట్లో బాగోలేదన్నా వెళ్లి పలకరించనిదే కోటేశ్వరరావుకి ముద్ద దిగదు. భార్య శ్యామసుందరితోనూ, సంచీడు కమలాపళ్లతోనూ దిగాడు.

"పాముకి పళ్లెందుకు అన్నయ్యగారూ?"

"ఉత్తచేతుల్తో ఎలా వస్తామమ్మా!" అంటూ అద్దం మీద టకటకా కొట్టాడు. "ఏమ్మా డోరిస్, నోటికేం సయించట్లేదా?"

"పాపం, సగమైపోయింది," అంది శ్యామసుందరి. అంతకుముందు ఆవిడ దాన్ని చూసిందే లేదు.

ఆవిడ ఎవరెవరితో చెప్పిందో గానీ, సాయంత్రం ఆరింటికల్లా హాలు నిండిపోయింది. వచ్చినవాళ్లందరూ అద్దం కొట్టారు. వచ్చినవాళ్లందరికీ రామానుజం బెరడెత్తి రోగి ముఖం చూపించాడు. వేడి చేసిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు తేల్చారు. మంగళ రెండోవిడత పెసలు నానబోసింది.

చివరికి డోరిస్ బుస్సుమంటూ లేచి అద్దాన్ని ఒక్క పోటు పొడిచింది. కోటేశ్వరరావు వెల్లకిలా కమలాపళ్ల మీద పడ్డాడు.

"మనుషుల్ని పోల్చుకోవట్లేదయ్యా," అన్నాడు లేస్తూ. "వాళ్లవాళ్లకి కబురు చెయ్యడం మంచిది."

రామానుజం గ్రెగ్‌కి ఫోన్ చేశాడు. "డోరిస్ ఈజ్ వెరీ సీరియస్. ప్లీజ్ కమ్."

మర్నాడు విమానం దిగి తిన్నగా వచ్చేశాడు గ్రెగ్. అప్పటికే రామానుజం పెట్టె ముందు కూలబడి ఉన్నాడు. లోపల పొడుగ్గా, తెల్లగా, పల్చటి తోలొక్కటే మిగిలింది.

"అయిపోయింది మంగళా! పెట్టెలు సర్దు!"

గ్రెగ్ మెల్లిగా బెరడెత్తాడు. కింద డోరిస్, కొత్తగా రంగు వేసినట్టు నిగనిగలాడుతూ చుట్టచుట్టుకుని ఉంది.

కుబుసం విడిచేముందు పాములు తినవనీ, కళ్లు కనబడక బెదిరిపోయి ఉంటాయనీ చెప్పాడు గ్రెగ్. అలాంటప్పుడు కదపకుండా వదిలెయ్యాలట. "అలాగే వదిలేశారుగా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

మంగళ మొగుడి వంక చూసింది.

"నీ సెలవు పాడుచేశాను," అని గొణిగాడు రామానుజం. గ్రెగ్ పకపకా నవ్వాడు. వానలో, ఒకే గుడారంలో, అత్తమామలతో పాటు ఉన్నాడట. ఆ ఫోనుకు జన్మంతా రుణపడి ఉంటానన్నాడు. వీసా కాగితాలు సోమవారం తన బల్ల మీద పెట్టమన్నాడు.

రామానుజానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో నిజం కూడా బయటికొచ్చింది. "మై వైఫ్ టోల్డ్ మీ టు లీవ్ హర్ అలోన్. ఐ వాజ్ రాంగ్."

గ్రెగ్ అటు వెళ్లగానే, మంగళ ఆ చివరి మాటని తెలుగులో ఇంకోసారి చెప్పించుకుంది.