టీ-త్రీ మీద విచారణ

...అంటే మనుషుల్లోనూ ఆ రెండు రకాలే ఉంటారన్నమాట, అనుకుంటున్నాడు ప్యో ఇంగ్యు, క్యాంటీన్ టీవీలో వెలుగు పరిశ్రమల మంత్రిగారు దేశ భవిష్యత్తును ప్రకటిస్తూండగా. త్వరగా తెరుచుకునేవాళ్ళు పూర్తిగా మూసుకోరు. పూర్తిగా మూసుకునేవాళ్ళు ఓ పట్టాన తెరుచుకోరు. తను రెండో రకం. బళ్ళో మాస్టారు అడిగిన ప్రశ్నకి జవాబు ఇంటికెళ్ళాక తట్టేది. పెళ్ళికి ముందు మొదటిసారి కలిసినప్పుడు భార్య వేసిన జోకు పెళ్ళయిన రెండేళ్ళకి అర్థమై, గట్టిగా నవ్వాడు. ఆవిడ హడలిపోయింది.

"మన పిక్సెల్ ప్రపంచంలోకెల్లా వేగంగా వెలగాలి!" అన్నారు మంత్రిగారు. "అందులోంచి ఒక్క ఎలక్ట్రాన్ కూడా కారకూడదు! రెండూ ఈ నెలాఖరుకే!"

క్యాంటీన్ అంతా చప్పట్లు కొట్టింది. ఇంగ్యు కూడా కొట్టాడు, అందరూ ఆపాక.

కొరియాలోని ఆసాన్‌లో, ఫోను తెరల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా అతని ఉద్యోగం ఆ కారేదాన్ని కొలవడమే. ఫోను తెర మీద ప్రతి చుక్క వెనకా కొన్ని ట్రాన్సిస్టర్లుంటాయి, కుళాయిల్లాంటివి. చటుక్కున తిరిగే కుళాయి కట్టేసినా బొట్టుబొట్టుగా కారుతుంది. గట్టిగా బిగిసే కుళాయి తిరగడానికి బద్ధకిస్తుంది. కారితే కదలని బొమ్మ కూడా రెపరెపలాడుతుంది. ఈ రెండు రకాల్నీ ఒకే పిక్సెల్లో కాపురం చేయించే పని మూడో టీం ఇంజనీరు తాక్ యేరిది. దాదాపు సాధించింది. ఇంకో మూడు వారాలు కావాలంది.

ఆ వారం రిపోర్టులో ఇంగ్యు నిజాయితీగా ఒక వాక్యం రాశాడు: "లీకేజీ ఉంది. మూలం, టీ-త్రీ." అంటే మూడో ట్రాన్సిస్టరు.

కొరియన్‌లో కరెంటు కారినా, కంపెనీ గుట్టు పొక్కినా ఒకటే మాట. మంత్రిగారు కొత్తగా పెట్టిన లీకేజీ నిర్మూలన దళానికి రెండో అర్థమే తెలుసు. రెండ్రోజుల్లో ముగ్గురు అధికారులు దిగారు. వాళ్ళ చురుకుదనం మెచ్చుకోదగ్గది.

"ప్యో గారూ, ఈ టీ-త్రీ ఎప్పట్నుంచి ఇలా లీక్ చేస్తోంది?" అన్నాడు పెద్ద అధికారి.

"మొదట్నుంచీ అంతేనండి. దాని స్వభావం."

"ఏ పరిస్థితుల్లో ఎక్కువ?"

"వేడెక్కినప్పుడండి. వెలుతురు పడినా ఎక్కువే."

"చీకట్లో పెడితే?"

"బాగా తగ్గుతుంది."

'చీకటి గది ప్రయోజనకరం' అని రాసుకున్నాడు అధికారి. "తెలిసీ ఇన్నాళ్ళెందుకు ఉంచుకున్నారు?"

"చాలా చురుగ్గా పనిచేస్తుందండి."

"పై నుంచి ఒత్తిడి ఉందా?"

"వోల్టేజీ ఎక్కువిస్తే ఎక్కువ కారుతుందండి."

"ఎవరిస్తున్నారు?"

"మనమేనండి."

అధికారి కలం ఒక్క క్షణం ఆగింది. ఆ జవాబు రాసుకోలేదు. "టీ-త్రీ అంటే టీం త్రీ. అంటే తాక్ యేరి. అంతే కదూ?"

కాదు, అనుకున్నాడు ఇంగ్యు. ఆ 'కాదు' అతని బుర్రలోంచి బయల్దేరింది. దారిలో ఆగి, తను చెప్పేది మర్యాదగా ఉందా అని ఆలోచించుకుంది. అధికారి తప్పని తేల్చితే అతను పక్కవాళ్ళ ముందు చిన్నబోతాడేమో అని జాలిపడింది. తన జాలిని చూసి తనే కాస్త మురిసింది కూడా. అది నోటిదాకా వచ్చేసరికి అధికారి లేచి అతని భుజం తడుతున్నాడు.

"తోటి ఉద్యోగిని పేరు మీ నోటితో అనలేకపోతున్నారు. గొప్ప సంస్కారం!"

సాయంత్రానికి యేరి కార్డుకి గేటు తెరుచుకోలేదు. ఆమె బయట నిలబడి, లోపల ఫొటోలు తియ్యకుండా ఫోను కెమెరాకి అంటించే సెక్యూరిటీ స్టిక్కరుని గోటితో గీకుతోంది.

"సీనియర్, టీ-త్రీ అంటే ఏంటో వాళ్ళకి చెప్పారా?"

"చెప్పబోయాను."

"చెప్పబోవడమంటే చెప్పినట్టా, చెప్పనట్టా?"

ఇంగ్యు ఆలోచనలో పడ్డాడు.

"వద్దు, ఆలోచించకండి. మీరు తేల్చేసరికి నా రిటైర్మెంటు వచ్చేస్తుంది. శుక్రవారం ప్రదర్శనలో మంత్రిగారి ముందు తెర రెపరెపలాడకుండా నిలబడిందో, నన్ను పోలీసులకి అప్పగిస్తారు. నేనుండగా కారింది, నేను పోగానే ఆగింది. ఇంకేం సాక్ష్యం కావాలి వాళ్ళకి?"

"నువ్వు లేకుండా ఎలా ఆగుతుంది?"

"అది మీకు తెలుసు, నాకు తెలుసు. నేను గేటు బయటున్నాను. మీరు లోపలున్నారు."

మర్నాడు ఇంగ్యు డైరెక్టరు హ్వాంగ్బో గదికి వెళ్ళాడు. తలుపు దగ్గర ఏడు నిమిషాలు నిలబడి, లోపలికి వెళ్ళాడు.

"యేరి లేకుండా శుక్రవారం చూపించే నమూనా తెర పనిచెయ్యదు సార్."

"ఆ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే, మాట్లాడకపోవడం. అందులో నీకు పద్నాలుగేళ్ళ అనుభవం ఉందిగా!"

అది కాదనలేని మాట. ఇంకో రెండు విచారణలు జరిగాయి. రెండింట్లోనూ ఇంగ్యు నోటినుంచి ఏమీ రాలేదు. దళం ముగ్ధమైపోయి అతన్ని 'లీకేజీ రహిత ఆదర్శ ఉద్యోగి'గా సిఫారసు చేసింది. తన పిరికితనానికి ప్రభుత్వం ఇంత చక్కటి పేరు పెడుతుందని అతను అనుకోలేదు. ఆ రాత్రి తనని తాను అసహ్యించుకుందామని కూర్చున్నాడు గాని, అది కూడా వెంటనే మొదలవలేదు.

శుక్రవారం. వేదిక మీద మనిషంత తెర. అందులో ముగుంఘ్వా, దేశపు జాతీయ పుష్పం. మెడలో ఆదర్శ ఉద్యోగి పతకంతో ఇంగ్యుని సరిగ్గా దాని పక్కనే కూర్చోబెట్టారు. పువ్వు గంట నుంచి ఒక్కసారి కూడా మినుక్కుమనలేదు.

"లీకేజీ?" అన్నారు మంత్రిగారు మైకులో.

"సున్నా సార్!" అన్నాడు హ్వాంగ్బో.

"వేగం?"

"మేం చూసేలోపే వెలిగిపోయింది సార్!"

"కరెంటు ఖర్చు?"

"అదీ సున్నా సార్!"

సభ లేచి నిలబడింది. "టీ-త్రీ పోయింది, లీకేజీ పోయింది!" అన్నారు మంత్రిగారు గద్గదంగా. "ఇంతకన్నా రుజువేం కావాలి?" పక్కనున్న అధికారి యేరి కేసు ఫైలు తెరిచి సంతకం కోసం ముందు పెట్టాడు. మంత్రిగారు కలం మూత తీశారు.

ఏసీ గాలి ఇటు తిరిగింది. పువ్వు బొమ్మ కింది మూల కాగితంలా కాస్త పైకి లేచి, మళ్ళీ అణిగింది.

ఇంగ్యు పిక్సెళ్ళు ఆరిపోవడం చూశాడు, కాలిపోవడం చూశాడు, ఆకుపచ్చగా చచ్చిపోవడం చూశాడు. గాలికి లేవడం చూడటం ఇదే మొదటిసారి. దీన్నెలా చెప్పాలి, ఎవరితో మొదలుపెట్టాలి, "క్షమించండి" అనడం మొదట్లోనా చివర్లోనా అని అతని మనసు లెక్కలు మొదలుపెట్టింది. కలం కాగితానికి తాకింది.

మనసుని దాని లెక్కలకి వదిలేసి, ఇంగ్యు కుర్చీలోంచి పక్కకి వంగి, రెండు వేళ్ళతో పువ్వు మూల పట్టుకుని లాగాడు.