శరీరం మాత్రమే హాజరు

మంగళవారం పొద్దున గుండేటి స్వరూప ఆఫీసుకు వచ్చింది కానీ, ఆమె ఉత్సాహం మాత్రం రాకుండా ఇంట్లోనే ఉండిపోయింది. వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టగానే ఎర్ర అక్షరాల్లో "శరీరం మాత్రమే హాజరు" అని పడింది. వెనక నిలబడ్డవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. జరగండి మేడం, లైనుంది అన్నారంతే.

హన్మకొండలోని ఆ దూరాల సవరణ కార్యాలయంలో ఊరికీ ఊరికీ మధ్య దూరాన్ని కాగితాల మీద సరిచేస్తారు. కాగితం మీద ఎంత సరిచేసినా నడిచేవాడు నడిచేంతే నడుస్తాడు, అది వేరే సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్వరూప ఒక దారిని స్వయంగా నడిచి, కొలిచి, తప్పు పట్టుకుని ఫైలు పెట్టింది. దాని మీద "చర్చించండి" అని రాశారు. ఎవరితో చర్చించాలో రాయలేదు. ఆ ఫైలు ఇప్పటికీ చర్చ కోసం ఎదురుచూస్తూనే ఉంది.

మిగతా ఉద్యోగులకు యంత్రంతో ఏ ఇబ్బందీ లేదు. వాళ్లంతా తమ ఉత్సాహాలను ఎప్పుడో ఆఫీసు బీరువాలో జమ చేసేశారు. సరుకు ఆవరణలోనే ఉంది కాబట్టి యంత్రం లెక్కలో మనిషి నిండుగా వచ్చినట్టే. ఏడాదికొకసారి జెండా పండుగనాడు బీరువా తెరిచి, చప్పట్లకు సరిపడా బయటికి తీసి, కార్యక్రమం కాగానే మళ్లీ లోపల పెట్టి తాళం వేస్తారు. బీరువాలోంచి ఎవరి ఉత్సాహమూ ఎవరికీ తిరిగి ఇచ్చింది లేదు. అడిగినవాళ్లూ లేరు.

ఆఫీసర్ లక్ష్మీకాంతరావు చెడ్డవాడు కాదు. నిబంధన ఎలా ఉంటే అలా ఉండే మనిషి.

"చూడమ్మా, ఎన్ని దినాలని గిట్ల సగం మనిషివి వస్తవు? ఇయ్యాల పోయి దాన్ని తోలుకరా. బీరువాల పెట్టేసినవంటే నీకూ నిమ్మళం, నాకూ నిమ్మళం. లేకుంటే రేపు జప్తుకు మనుషులను పంపాలె. నా చేతుల లేదు."

తోడుగా అటెండర్ ఓదెలును పంపాడు. ఉత్సాహం మొరాయిస్తే పట్టుకోవడానికి ఒక గోనెసంచి కూడా ఇచ్చాడు.

పనిరోజు పట్టపగలు తన ఇల్లు ఎలా ఉంటుందో స్వరూపకు తెలియదు. చీకటితో లేచి వంట చేసి పరుగెత్తడం, పొద్దుగూకాక వచ్చి కూలబడటం, ఇంతే ఆమెకు తెలిసిన ఇల్లు. ఇప్పుడు తలుపు తోస్తే వెనక వాకిట్లోంచి వెలుతురు షాబాద్ బండల మీద పరుచుకుని ఉంది. చెప్పులు విడిచి అడుగు పెట్టగానే ఆ బండల చల్లదనం పాదాల నుంచి పైకి పాకింది. పక్కింట్లో ఎవరో తాలింపు వేస్తున్నారు. ఇంత మంచి ఇంట్లో నేను అద్దెకొచ్చినదాన్లా బతికానే అనుకుంది స్వరూప. ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది.

ఉత్సాహం వసారాలో నవారు మంచం మీద కూర్చుని బొంత కుడుతోంది. అచ్చం స్వరూపలాగే ఉంది, కాకపోతే చేతికి గడియారం లేదు, మెడలో ఐడీ కార్డు లేదు, ముఖాన తొందర లేదు. ఆ బొంత స్వరూప పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిందే. అమ్మ చీరలు, అత్త చీరలు ముక్కలు చేసి, రంగుకు రంగు జోడించి, సగం కుట్టి అటక మీద పడేసింది. మళ్లీ దాని ముఖం చూడలేదు.

"ఆఫీసుకు నడువు," అంది స్వరూప.

"నేను రాను," అంది ఉత్సాహం, సూది ఆపకుండా. "ఆడ నాకేం పని ఉన్నది? ముందుగాల నీ బల్ల దాంక వస్తుంటి. నువ్వు మాట్లాడవైతివి. తర్వాత గేటు దాంకనే వచ్చిన. తర్వాత బస్టాపు దాంక. ఈ మధ్యన గడప కాడ్నే ఆగిపోయిన. ఒక్కసారన్న ఎనకకు తిరిగి చూసినవా?"

స్వరూప చూడలేదు. గోనెసంచి మడిచి కిందేసుకుని ఓదెలు గడప మీద కూర్చున్నాడు. ఉత్సాహమే లేచి అతనికి చాయ్ పెట్టి ఇచ్చింది.

మధ్యాహ్నం స్వరూప భర్త సదానందం జిరాక్స్ షాపు మూసి భోజనానికి వచ్చాడు. ఇద్దరు భార్యలు పక్కపక్కన కూర్చుని ఉంటే గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కొన్ని నెలల సంది నాకు పగటీలి అన్నం పెడుతున్నది ఇదేనా? నువ్వే అనుకున్న," అన్నాడు. "మంచిగ నవ్వుకుంట పెడుతుంటే, లీవు పెట్టినవేమో అనుకున్న."

సంగతంతా విని, చేయి కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాక మళ్లీ అన్నాడు. "నౌకరి సంగతి నాకు తెల్వది. దీన్ని మాత్రం బీరువాల పెట్టనియ్యకు. అండ్ల గాలాడదు."

ఆ రోజు ఓదెలు ఖాళీ సంచితోనే వెనక్కి పోయాడు. మర్నాడు ఇద్దరు జప్తు ఉద్యోగులు వచ్చారు. స్వరూప గడపకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది. ఇన్నేళ్లలో ఆమె ఎవరికీ అడ్డం నిలబడింది లేదు. బస్సులో కూడా దారిచ్చే మనిషి.

"నా ఇంట్ల ఉన్నది నాది. ఎట్ల ముట్టుకుంటరో నేను చూస్త," అంది.

వాళ్లు మర్యాదస్తులు. సగం మనిషి వచ్చినా సీటు ఖాళీ కిందే లెక్క కాబట్టి జప్తు తప్పదని, సీటు నిండితే తమకు అధికారం ఉండదని వివరంగా చెప్పి, సాయంత్రం దాకా గడువిచ్చి వెళ్లారు.

ఇక్కడ మన వైపు ఆచారం ఒకటి చెప్పుకోవాలి. బస్సు స్టాండులోకి తిరుగుతుండగానే కిటికీలోంచి సీటు మీద దస్తీ, అంటే చేతిరుమాలు, వేస్తే ఆ సీటు మనదే. మనిషి ఎక్కడున్నా సరే. తెలియక దాని మీద కూర్చున్నవాడు, దస్తీ చూసి తప్పయిందని లేస్తాడు. ఏ చట్టంలోనూ ఇది రాసి లేదు, అందుకే దీన్ని అందరూ పాటిస్తారు.

స్వరూప ఆఫీసుకు పోయింది. యంత్రం జోలికి వెళ్లలేదు. వరండాలో నిలబడి, కిటికీ ఊచల్లోంచి చేయి పెట్టి, తన కుర్చీలో తెల్ల దస్తీ వేసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

లక్ష్మీకాంతరావు కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగాడు. నిబంధనల పుస్తకాలన్నీ తిరగేశాడు. దస్తీ తీసే అధికారం ఏ హోదాకూ లేదు. ఆయన కూడా చిన్నప్పటి నుంచి ఆ దస్తీల మీద నమ్మకంతోనే బస్సుల్లో తిరిగిన మనిషి. చివరికి సీటు నిండి ఉన్నట్టు రాసి, జప్తు రద్దు చేశాడు. నెలాఖరుకు జీతం మాటేమిటని ఆయన ఫోన్ చేస్తే, "సీట్ల ఎవలున్నరో వాళ్లకే ఇయ్యండ్రి సార్," అంది స్వరూప. అటక మీంచి దిగిన బొంత పూర్తయింది, అలాంటివి తమకూ కావాలని అప్పటికే వీధి చివరి నుంచి కూడా మనుషులొస్తున్నారు.

దస్తీ ముందు ఫైళ్లు పెట్టారు. అవి ఇంతకుముందు ఎంత వేగంగా కదిలేవో అంతే వేగంగా కదిలాయి. జనం వచ్చి దస్తీకి నమస్కారం పెట్టి తమ ఊరి దూరం గురించి చెప్పుకుని పోయేవారు. ఏడాది తిరిగేసరికి దస్తీకి ప్రమోషన్ వచ్చింది. ఆ ఉత్తర్వు పట్టుకుని లక్ష్మీకాంతరావు స్వయంగా ఆటోలో స్వరూప ఇంటికి వచ్చాడు. ఇంట్లో ఇప్పుడు ఇద్దరు స్వరూపలు లేరు. ఎప్పుడు ఒకరయ్యారో సదానందం కూడా గమనించలేదు.

"జనం ఏమంటున్నరో తెలుసా అమ్మా? మేడం ఇప్పుడు మంచిగైంది, చిరాకు పడతలేదు అంటున్నరు."

ఆ మాట స్వరూపకు గుచ్చుకుంది. అన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి లేదని ఒక్కరూ కనిపెట్టలేదు. కుడుతున్న బొంతలో సూది గుచ్చి పక్కన పెట్టింది.

"ఇన్నేండ్లు నేను చేసింది దస్తీ పనేనన్నట్టు," అంది.

"సంతకం పెట్టు. పెద్ద సీటు, ఏసీ గది."

"ప్రమోషన్ ఎవలిదో వాళ్లతోనే పెట్టించుకోండ్రి. నేను రాను సార్. జీపు పంపినా రాను."

ఆయన బలవంతపెట్టలేదు. నవారు మంచం మీద కూర్చుని, ఆమె కుడుతున్న బొంతను అరచేత్తో నిమిరాడు.

"మా ఇంట్ల మంచం ఏ గోడకు ఉంటదో యాదికొస్తలేదమ్మా," అన్నాడు.

"పోయి చూసుకోండ్రి సార్. మీరు లేకున్నా ఆఫీసు నడుస్తది."

"నడుస్తది," అని ఒప్పుకున్నాడు లక్ష్మీకాంతరావు. బయటికి వచ్చి ఆటో ఎక్కాడు. ఎక్కడికని డ్రైవర్ అడిగితే, ఇంటికి అన్నాడు. ఏ పేట అని అడిగితే, ఒక్క నిమిషం ఆగమని, జేబులోంచి ఆధార్ కార్డు తీసి వెనక్కి తిప్పి, చిరునామా చదివి చెప్పాడు.