గిరాకీ లేని గది

మనిషి కొండలు తొలిచాడు, సముద్రాలు దాటాడు, చంద్రుడి మీద నడిచి వచ్చాడు. ఇక మిగిలిందల్లా ఆఫీసు రెండో అంతస్తులో వైఫై సరిగ్గా అందించడమే. ఆ కొరత కూడా తీర్చడానికి తరంగ సమన్వయాధికారి అనే కొత్త పదవిని సృష్టించారు. అంతకుముందు వైఫై పెట్టెల్ని ఎలక్ట్రీషియన్ తన నిచ్చెన నిలిచిన చోట బిగించి వెళ్లిపోయేవాడు. (అప్పట్లో సిగ్నల్ వచ్చేది. కాకపోతే శాస్త్రీయంగా వచ్చేది కాదు.)

అధికారి ఒక లెక్కల నిపుణుణ్ణి పిలిపించాడు. అందరూ పంతులుగారనే ఆ పెద్దమనిషి అంతస్తునంతా చుక్కలుగా విడగొట్టి, ఏ గోడ ఎంత సిగ్నల్ మింగుతుందో కొలిచి, ఉన్న అయిదు పెట్టెల్ని ఎక్కడ పెడితే ఎక్కువమందికి మేలో తేల్చే పని కంప్యూటరుకి అప్పగించాడు. ఎవరి అవసరమెంతో తెలియడానికి ఒక ఫారం పెట్టారు. కొలతల కోసం పెట్టెల్ని అప్పటికే పాత చోట్ల నుంచి విప్పి హాల్లో పెట్టారు. ఫారాన్ని ఎవరి సీట్లో వాళ్లు కూర్చుని, ఆఫీసు వైఫై మీదే నింపాలి. అధికారి నమూనాగా పందొమ్మిదిసార్లు నింపాడు.

వరండా చివర రికార్డు గది. అందులో ముప్పై రెండు ఇనప బీరువాలు, వాటి మధ్య ఒక బల్ల, బల్ల వెనక రికార్డు గుమాస్తా. ఆఫీసంతా ఆవిణ్ణి అక్కయ్య అంటుంది. అక్కయ్య ఫోను ఎత్తి పట్టుకుంది, స్టూలెక్కింది, కిటికీలోంచి చెయ్యి బయటికి చాపింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. మూడో రోజు గడువు ముగిసింది.

ఫలితం వచ్చింది. అధికారి గదికి రెండు పెట్టెలు, పెద్ద హాలుకి రెండు, మీటింగు గదికి ఒకటి. రికార్డు గదిలో గిరాకీ సున్నా.

అక్కయ్యకి సిగ్నల్ మీద మోజేమీ లేదు. పొద్దున పది లోపు సీట్లో కూర్చుని, ఆఫీసు వైఫై మీదే యాప్‌లో హాజరు నొక్కాలి, అంతే. నొక్కకపోతే ఒక సెలవు పోతుంది. ఆవిడ కూతురికి తొలికాన్పు దగ్గర పడింది. "అమ్మా, ఆ టైముకి నువ్వు నా పక్కనుండాలి" అని పిల్ల అన్నప్పటి నుంచి జ్వరమొచ్చినా ఆఫీసుకొచ్చి, ఇరవై సెలవులు దాచుకుంది. ఇప్పుడవి రోజుకొకటి చొప్పున కరిగిపోతున్నాయి. ఆవిడ అధికారి దగ్గరికి వెళ్లింది.

"సార్, మా గదిలో ఒక్క గీత కూడా రావట్లేదండి."

"అక్కడెవరూ లేరని వచ్చిందమ్మా."

"నేనున్నాను కదండీ, రోజూ!"

"ఉంటే ఫారం నింపేవారు కదా."

పంతులుగారికి మనసు చివుక్కుమంది. "ఆవిడ పేరున ఒక చుక్క కలుపుదాం సార్. మీ గదిలో పెట్టె ఒకటి అటు జరిపితే సరిపోతుంది."

"కలిపితే గిరాకీ ఎంత శాతం తీరినట్టు వస్తుంది?"

"తొంభై ఆరు శాతం."

"కలపకపోతే?"

"వంద."

అధికారి చాలా బాధపడ్డాడు. (తొంభై ఆరుని చూసి.) ఆ తర్వాత అనుమానం మిగలకుండా హాజరు పట్టీ కూడా తెప్పించి చూశాడు. అందులోనూ రికార్డు గదికి పన్నెండు రోజులుగా ఎవరూ రాలేదు. రెండు వేర్వేరు ఆధారాలు ఇంత చక్కగా కలవడం అరుదని పంతులుగారిని భుజం తట్టి మెచ్చుకున్నాడు.

డాక్టర్లు కూతురికి ప్రసవం తేదీ ఇచ్చారు. అక్కయ్య సెలవు చీటీ పెట్టింది. సాయంత్రానికి అది అధికారి ఎర్ర సిరా రాతతో తిరిగొచ్చింది: "విధులకు రానివారికి సెలవు అవసరం లేదు."

ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. బీరువాల చాటున కొంగు నోటికడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. ముఖం కడుక్కొచ్చి చీటీ మళ్లీ చదివింది. ఈసారి నింపాదిగా చదివింది. తరవాత ఆ చీటీని ఫైలు చేసి, తాళాలు మేకుకి తగిలించి, సంచీ సర్దుకుని కూతురింటికి వెళ్లిపోయింది.

పదకొండో రోజున అధికారి ఫోన్ చేశాడు. వంద శాతానికి అవార్డివ్వడానికి పైనుంచి కమిటీ వచ్చిందట, భవనం అసలు ప్లాను చూపించమంటోందట, ముప్పై రెండు బీరువాల్లో అది ఏ బీరువాలో ఉందో ఎవరికీ అంతుబట్టడం లేదట.

"ఎక్కడున్నారమ్మా మీరు?"

"రికార్డు ప్రకారం ఎక్కడా లేనండి" అంది అక్కయ్య, ఒళ్లో మనవరాల్ని జోకొడుతూ.

"సెలవు కూడా పెట్టలేదు!"

"అక్కర్లేదని మీరే రాశారండి. ఆ కాగితం ఫైల్లోనే ఉంది."

"ఏ ఫైల్లో?"

"అది రికార్డు గుమాస్తాని అడగాలండి."

ప్లాను దొరకలేదు. అయినా కమిటీ గది గదికీ తిరిగి, కంప్యూటరు చెప్పినదాన్ని కళ్లారా చూసినదానితో పోల్చి, తేడా ఎక్కడా లేదని ధ్రువీకరించింది. రికార్డు గదిలో నిజంగానే ఎవరూ లేరు.