పగటిపూటే పులియవలెను

విజ్ఞానం అఖండమైనది. దాన్ని ముక్కలు చేసి, ముక్కకో ఆచార్యుణ్ణి కాపలా పెట్టి, ఒకరి ముక్క ఇంకొకరు ముట్టకుండా చూడటానికే విశ్వవిద్యాలయాలు పుట్టాయి. ఈ మహత్తర సత్యాన్ని రాయపూర్‌లోని ఒక విశ్వవిద్యాలయం ఎనభైల్లో ఉన్నట్టుండి మరచిపోయింది. (పేరు చెప్పను. నేను అక్కడి లైబ్రరీలో ఉద్యోగిని, పింఛను ఇంకా రావాలి.) ఇకపై శాఖలన్నీ కలిసి ఉమ్మడిగా పరిశోధన చేయాలని పైనుంచి ఉత్తర్వు దిగింది.

వెంటనే శాఖల సమన్వయ కమిటీ ఏర్పడింది. రసాయనశాస్త్రం నుంచి అమ్మిరాజు గారు అధ్యక్షులు. ఈయన గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడి తెలీబంధా పేటలో ఇల్లు కట్టుకున్న మనిషి. వ్యవసాయశాస్త్రం నుంచి చంద్రాకర్ గారు, సమాజశాస్త్రం నుంచి దీవాన్ గారు సభ్యులు. ఎవరి గదిలో కూర్చుంటే ఎవరు చిన్నబోతారో తేలక కమిటీ మొదటి ఏడాది సమావేశం కాలేదు. చివరికి ఏ శాఖకూ చెందని మెట్ల కింద కుర్చీలు వేశారు. పొడుగువాళ్లు తల వంచుకుని కూర్చోవాల్సి వచ్చేది. అది వినయమని వార్షిక నివేదికలో రాశారు.

ఇక పరిశోధకులు కావాలి. అప్పుడొచ్చింది ఊర్మిళ. పలాస నుంచి వచ్చి ఇక్కడ రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసిన సూరిబాబు కూతురు. విశ్వవిద్యాలయంలో తాత్కాలిక అధ్యాపకురాలు. ఆ ఏడు డాక్టరేటు రాకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఆమె ఎంచుకున్న విషయం బాసీ. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున్నే ఉప్పూ ఉల్లిపాయా నంజుకుని తినే ఛత్తీస్‌గఢ్ చద్దన్నం. మే నెల ఎండలో అది తిన్న గ్యాంగ్‌మన్లు సాయంత్రం దాకా నిలబడతారు, వేడివేడి భోజనం చేసినవాళ్లు సొమ్మసిల్లుతారు, ఎందుకని? అది తేలాలంటే కుండా, బియ్యమూ, తినే మనిషీ మూడింటినీ ఒకచోట చూడాలి. ఇంతకంటే ఉమ్మడి విషయం దొరకదని కమిటీ తెగ సంతోషించి, పంచుకోవడం మొదలుపెట్టింది.

మొదటి చిక్కు కాలానిది. బాసీ రాత్రి పులుస్తుంది. విశ్వవిద్యాలయం సాయంత్రం మూస్తారు. పనివేళల తర్వాత ఆవరణలో జరిగే ఏ చర్యకూ, అది సూక్ష్మజీవులు జరిపినా సరే, కమిటీ బాధ్యత వహించదు. కాబట్టి పదార్థం పగటిపూటే పులియవలెనని తీర్మానించారు. (భోజన విరామంలో పులియడం ఆపాలా వద్దా అన్నది ఉపసంఘానికి వదిలారు.)

ఊర్మిళ అమ్మిరాజు గారిని నడవాలో పట్టుకుంది.

"పగలు నానేస్తే అది తడన్నమే అవుతాది మాస్టారూ. రాత్రంతా ఉండాల. మీ ఇంట్లో తరవాణి పెట్టేవారు కదా, మీకు తెల్దేటి?"

ఆయన అటూ ఇటూ చూశారు.

"తెలుసమ్మా. ఇప్పటికీ పొద్దున్నే అదే తాగి వస్తాను. అది ఇంట్లో. ఇక్కడ నేను కెమిస్ట్రీని."

ప్రయోగం జరిగింది. పొద్దున కుండ దింపి, అన్నంలో నీళ్లు పోసి, సాయంత్రం గంట కొట్టగానే వార్చారు. నీళ్లు అమ్మిరాజు గారికి, మెతుకులు చంద్రాకర్ గారికి వెళ్లాయి. సూరిబాబు పాత జోడీ బంగారయ్యను, బాసీ తినే మనిషిగా, దీవాన్ గారికి అప్పగించారు. పొద్దున్నించీ ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. ఆకలేస్తోందని బంగారయ్య అంటే, భోజనం వేరే శాఖ పరిధిలోదని మర్యాదగా చెప్పారు. పాపం, ముప్ఫై ఏళ్లు పట్టాల మీద పడనివాడు సమాజశాస్త్రం బెంచీ మీద పడిపోయాడు. నాకు ఒళ్లు మండింది. లైబ్రరీ కూజాలో నీళ్లు తెచ్చి నేనే మొహాన చల్లాను. (ఆ నీళ్లు ఏ శాఖవని ఎవరూ అడగలేదు, అదే పదివేలు.)

ఫలితాలు వచ్చాయి. నీటిలో నీరే ఉన్నదని రసాయనశాస్త్రం, అన్నం తడిగా ఉన్నదని వ్యవసాయశాస్త్రం, బాసీ తినేవారు కూడా సొమ్మసిల్లుతారని సమాజశాస్త్రం తేల్చాయి. అసలు బాసీ అనేది ఉన్నట్టు ఎవరికీ ఆధారం దొరకలేదు.

ఊర్మిళ ఏడవలేదు. వేసవంతా ఇంట్లోనే కుండ పెట్టుకుని, రాత్రుళ్లు పులియనిచ్చి, పట్టాల వెంట గ్యాంగ్‌మన్లతో తిరిగి సొంతంగా సిద్ధాంత గ్రంథం రాసింది. నేను చదివాను. నాలాంటివాడికి కూడా అర్థమయ్యేలా ఉంది, అదే దాని పెద్ద లోపమని తర్వాత తెలిసింది. ఇందులో మనుషులున్నారని రసాయనశాస్త్రం తిప్పి పంపింది. నీళ్లున్నాయని సమాజశాస్త్రం, దుక్కి లేదని వ్యవసాయశాస్త్రం తిప్పి పంపాయి. డాక్టరేటు రాలేదు, ఉద్యోగం పోయింది.

కమిటీ మాత్రం ఘనవిజయం సాధించినట్టు లెక్క. ఆ విజయానికి గుర్తుగా సమన్వయ పరిశోధన శాఖ అని కొత్త శాఖే వెలిసింది. దాని ఆచార్య పదవికి ఊర్మిళ దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూలో అమ్మిరాజు గారు చాలా మెత్తగా మాట్లాడారు.

"ఇది శాఖలన్నిటినీ కలిపే ఉద్యోగమమ్మా. ముందు నువ్వు ఏదో ఒక శాఖ మనిషివై ఉండాలి కదా."

"కలిపి చేసిందాన్ని నేనొక్కదాన్నే కదండీ," అంది ఊర్మిళ.

ఆయన తర్వాతి దరఖాస్తు పైకి తీశారు. ఉద్యోగం నూకరాజు గారికి వచ్చింది. రసాయనశాస్త్రం తప్ప మరే శాఖ గుమ్మమూ తొక్కని నిష్ఠాపరుడు.

కొత్త ఆచార్యుల వారు మొదటి పరిశోధనకు బాసీనే ఎంచుకుని, తాత్కాలిక సహాయకురాలు కావాలని ప్రకటన వేయించారు. కావలసిన అర్హత అన్నం వండటం. ఆ అర్హత ఊర్మిళకు నిస్సందేహంగా ఉన్నదని మూడు శాఖలూ మొట్టమొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చాయి.